విగ్రహాన్ని తిరిగి పెట్టే మీట లేదు

ఈ సంకలనానికి ఏం రాస్తున్నారని మిత్రులు అడిగితే ఫోను ఆటల మీద అన్నాం. నవ్వారు. "పాటల మీద, పండుగల మీద రాయాల్సింది అంత ఉండగా పిల్లల ఆటల మీదా మాస్టారూ" అన్నారు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఒక కథల పుస్తకం మన పిల్లల చేతికి వస్తే అందులో ఆదివాసీని ఎలా చూపారో పేజీ పేజీ వెతికి విమర్శిస్తాం. సినిమాలో ఈకల టోపీ పెట్టి గెంతిస్తే సభ పెట్టి మరీ మాట్లాడతాం. పిల్లవాడి చేతిలో రోజూ గంటలకొద్దీ ఉండే వస్తువును మాత్రం ఏదో ఆటలే అని వదిలేస్తున్నాం. అందుకని ఇది.

ఈ ఏడాది మూడు, నాలుగు తరగతుల పిల్లలకి అడవి బొమ్మ గీయమని కాగితాలిచ్చాం. ఏటా ఇస్తాం. ఏటా వచ్చేవి ఇప్పచెట్టు, వాగు, మేకలు, గంప పట్టుకున్న అమ్మ. ఒకరిద్దరు ఎలుగుబంటిని కూడా వేస్తారు, కింద పేరు రాస్తే తప్ప అది ఎలుగుబంటి అని తెలియదు. ఈసారి మూడు కాగితాల్లో నడిమధ్య నిట్టనిలువుగా ఒక రోడ్డు ఉంది. రెండు పక్కలా లోయ. రోడ్డు మీద వరసగా పసుపుపచ్చ సున్నాలు. ఇవేమిటిరా అంటే "కాయిన్లు సార్" అన్నాడొకడు. వాడిది పై గూడెం. ఆ గూడేనికి రోడ్డు కావాలని ఏళ్ల తరబడి అర్జీలు పెడుతూనే ఉన్నాం. కాన్పు కష్టమైతే ఇప్పటికీ డోలీ కట్టాల్సిందే.

వాడు గీసిన రోడ్డు టెంపుల్ రన్‌ది. ఆడని పెద్దల కోసం చెబుతున్నాం. 2011లో ఐఫోన్లలో, మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ ఫోన్లలో వచ్చిన ఆట ఇది. అమెరికాలో ఇమాంగి స్టూడియోస్ అని ఒక భార్యాభర్తలు పెట్టుకున్న చిన్న సంస్థ తయారు చేసింది. అడవిలో పాడుబడిన గుడి. ఒకడు లోపలి నుంచి బంగారు విగ్రహం ఎత్తుకుని పరుగెత్తుకొస్తాడు. వెనక దయ్యాల్లాంటి కోతులు తరుముతాయి. వేలితో పక్కకి తోస్తే మలుపు తిరుగుతాడు, పైకి తోస్తే దూకుతాడు, కిందికి తోస్తే జారతాడు. పనితనంలో ఇది మంచి ఆటే, ఒప్పుకోవాలి. వేలు చెప్పిన పని బొమ్మ ఆ క్షణమే చేస్తుంది. పడ్డామంటే తప్పు మనదే అని తెలుస్తుంది. మేము కూడా ఒక రాత్రి పన్నెండు దాకా ఆడాం.

ఇక కథ చూడండి. ఆ గుడి ఎవరిది? కట్టినవాళ్లు ఆటలో ఎక్కడా కనిపించరు. విగ్రహాన్ని కాపాడేవాళ్లు ఉన్నారు గాని వాళ్లు రాక్షస కోతులు. నాణేలు కూడబెడితే పరుగెత్తేవాణ్ణి మార్చుకోవచ్చు. ఆ వేషాల్లో ఒకడు ఫ్రాన్సిస్కో మోంటోయా, స్పెయిన్ నుంచి వచ్చిన ఆక్రమణదారు. దక్షిణ అమెరికాలో ఆ స్పెయిన్‌వాళ్లు బంగారం కోసం అక్కడి మూలవాసులను ఏం చేశారో చరిత్ర చదివినవాళ్లకి తెలుసు. ఆటలో అది ఒక సరదా టోపీ, ఒక గడ్డం. తయారు చేసినవాళ్లు దురుద్దేశంతో పెట్టారని మేము అనం. వాళ్లకి అది సినిమాల్లో చూసిన సాహసం. మాకు మాత్రం అది తెలిసిన దారే. అడవిలోకి వచ్చినవాడు విలువైనది తీసుకుని పరుగెడతాడు, అడ్డం వచ్చినవాడు జంతువు. ఎన్నిసార్లు ఆడినా ఆగి వెనక్కి తిరిగి ఆ విగ్రహాన్ని దాని చోట పెట్టే వీలు లేదు. దానికి మీట లేదు.

అయినా మా పిల్లల ఫోన్లలో ఎక్కువగా ఉన్నది అసలు టెంపుల్ రన్ కాదు, దాని నకళ్లు. అడవి, పరుగు, నాణేలు, తరిమేవాడు అన్నీ ఉంటాయి. వేలు తోసిన అరనిమిషానికి బొమ్మ తిరుగుతుంది, ఈలోగా లోయలో పడి ఉంటుంది. చెట్లన్నీ ఒకే చెట్టు. పిట్ట అరుపు లేదు, ఎండాకాలం వానాకాలం లేదు. ఇలాంటివే మా దాకా రావడానికి కారణం ఉంది. 2020లో బడులు మూసేసి టీవీలో, ఫోనులో పాఠాలన్నప్పుడు చాలా ఇళ్లలో మొదటి ఫోను కొన్నారు. తునికాకు డబ్బుతో కొందరు, మేకను అమ్మి కొందరు. చవకది, చోటు తక్కువది. సిగ్నల్ గుట్టెక్కితేనే. కాబట్టి చిన్నగా ఉండి, ఉచితంగా వచ్చి, నెట్ లేకపోయినా నడిచే ఆటలే ఇక్కడ నిలుస్తాయి. డిపోకి వచ్చే బియ్యం సంగతి ఎరిగినవాళ్లకి ఇంకా వివరంగా చెప్పక్కర్లేదు.

ఉచితం అన్నాం గదా, దాని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఒక ఆదివారం మా నాలుగో తరగతి పిల్లవాడి పక్కన కూర్చుని వాడి లారీ ఆట చూశాం. లారీ గుట్ట దిగుతుంది, సరుకు దించుతుంది, ప్రకటన. మళ్లీ లారీ ఎక్కాలంటే ప్రకటన. టైరు పగిలితే ప్రకటన చూస్తే కొత్త టైరు. ప్రకటన మూయడానికి మూలన ఉండే గుర్తు ఆవగింజంత, అదీ వెంటనే రాదు, వేలు కాస్త పక్కకి పోతే ఇంకో ఆట దిగుమతి అవుతుంది. మేము చూసినంత సేపట్లో దాదాపు సగం ప్రకటనలే. పిల్లవాడికి విసుగు కూడా లేదు. ప్రకటన వచ్చినప్పుడల్లా ఫోను చాప మీద పెట్టి పక్కనున్న కోడిపిల్లను పట్టుకుంటున్నాడు, అయిపోగానే వదిలేస్తున్నాడు. ఆ కోడిపిల్లతోనే ఉండరాదూ అనిపించింది.

ఆ ప్రకటనల్లో చూపే ఆట ఒకటి, దించుకుంటే వచ్చే ఆట ఇంకొకటి. ఇది మన అనుమానం కాదు. హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ అనే ఆటల ప్రకటనలు అసలు ఆటను చూపడం లేదని బ్రిటన్‌లో ప్రకటనల ప్రమాణాల సంస్థ 2020లో తప్పుపట్టింది, ఆపమంది. మా సంతలో ఎవరైనా పైన మంచి చింతపండు, కింద గింజల ముద్ద పెట్టి అమ్మితే రెండో వారం వాడి దగ్గర ఎవరూ కొనరు. ఫోనులో ఆ రెండో వారం రాదు, ఎందుకంటే అమ్మేవాడి మొహమే కనపడదు.

ఈ ఆటల్లో మాకు బాగా కోపం తెప్పించేది ఓటమిని కూడా అమ్మడం. క్యాండీ క్రష్‌లో ఐదు ప్రాణాలిస్తారు. ఒక్కో ప్రాణం పోతే మళ్లీ రావడానికి అరగంట. ఆగలేకపోతే డబ్బు పెట్టాలి, లేదా స్నేహితుల్ని అడుక్కోవాలి. (ఒక శిక్షణ తరగతుల్లో మేమే ఆ అరగంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం, వక్త ఏం చెప్పారో ఇప్పటికీ తెలియదు.) అక్కడ ఓడింది తెలివి తక్కువై కాదు, కొనలేదు గనక. మా ఊళ్లో ఒక పిల్లవాడు తుపాకుల ఆటలో తొడుగులు, రంగు తుపాకులు కొనుక్కుంటూ వాళ్ల నాన్న ఫోనులో పడ్డ ఆకు డబ్బంతా అవగొట్టాడు. వాళ్ల నాన్న కొట్టలేదు. ఏం కొన్నావో చూపించమన్నాడట. పిల్లవాడు చూపించాడు. ఒక చొక్కా. ఫోనులో బొమ్మకి చొక్కా. ఆ సంవత్సరం ఆ ఇంట్లో ఎవరికీ కొత్త చొక్కా లేదు.

దీనికి పక్కన ఫ్లాపీ బర్డ్‌ను పెట్టి చూడండి. 2013లో వియత్నాంలో డాంగ్ న్గుయెన్ అనే ఒక్క మనిషి చేసిన ఆట. బొమ్మలు అంతంత మాత్రం, ఒక పిట్ట, కొన్ని పచ్చ గొట్టాలు. తగిలితే చచ్చావు, మొదటి నుంచి ఆడు. అంతే. జాలి లేదు, బేరం లేదు. జనం పిచ్చెక్కి ఆడుతున్నారని, అది అలవాటుగా మారిపోయిందని తయారు చేసినవాడే 2014 ఫిబ్రవరిలో దాన్ని తీసేశాడు. అది గొప్ప ఆట కాదు. ఓటమి విషయంలో మాత్రం నిజాయితీ ఉంది. మా బండ మీద గీసిన పులి జూదంలోనూ ఆ నిజాయితీ ఉంది. మూడు పులులు, పదిహేను మేకలు. మేక పోయిందంటే ఎక్కడ పోయిందో చూసినవాళ్లందరికీ తెలుసు, ముసలివాళ్లయితే నాలుగు ఎత్తుల ముందే తల ఆడిస్తారు. ఓడినవాడు లేచి పక్కవాడికి చోటిస్తాడు.

ఓడటం మాకు కొత్త కాదు, సిగ్గూ కాదు. భూమి పండుగకి మగవాళ్లు వేటకి పోయి ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఊరుకోరు, పేడనీళ్లు చల్లి ఆట పట్టిస్తారు. ఇప్పుడు ఆ వేట చాలాచోట్ల పేరుకే మిగిలింది గాని ఆ నవ్వు మిగిలే ఉంది. ఫోనులో విల్లు ఆటలు చాలా ఉన్నాయి, అవీ ఆడి చూశాం. దుప్పి మైదానంలో నిలబడి ఉంటుంది, కొట్టమన్నట్టు. గాలి ఎటు వీస్తుందో చూడనక్కర్లేదు, అడుగుజాడ వెతకనక్కర్లేదు. బాణం తగలగానే దుప్పి మాయమై నాణేలు రాలతాయి. పంచుకోవడానికి కూర లేదు, ఎవరి వాటా ఎంత అన్న తగువు లేదు. పిల్లలు హింస నేర్చుకుంటున్నారని పట్నం పత్రికల్లో రాస్తుంటారు. మా బాధ అది కాదు. కోడిని కోయడం చూస్తూ పెరిగిన పిల్లలు మావాళ్లు. చంపిన తరువాత ఏం చేయాలో ఆ ఆటలో లేదు, అదీ మా బాధ.

తోటి ఉపాధ్యాయులు కొందరు ఫోన్లు లాక్కోవాలంటారు. అది జరిగే పని కాదు, న్యాయమూ కాదు. పట్నం పిల్లవాడి చేతిలో ఉంటే చదువు, మనవాడి చేతిలో ఉంటే చెడిపోవడమా? పైగా అన్నీ ఒక్కలాంటివి కావు. లూడో కింగ్ చూడండి. ముంబైలో చేసిన ఆట, బొమ్మలు సాదా, కొత్తదనం సున్నా, విమర్శకులెవరూ మెచ్చుకోరు. కాని ఒక్క ఫోను చుట్టూ నలుగురు కూర్చుంటారు. మా హాస్టల్ వంటామె కూడా ఆడుతుంది, పాచిక తనకి పడకపోతే ఫోనునే తిడుతుంది. నలుగురి తలలు ఒకచోటికి చేర్చిన ఆటను మేము నాసిరకం అనలేం.

మరి ఒక మధ్యాహ్నం బడి వెనక మా పిల్లలు ఏం చేశారో చెప్పాలి. చింతచెట్టు మొదట్లో ఒక రాయి పెట్టారు. అది విగ్రహం. ఒకడు ఎత్తుకుని పరుగు, మిగతావాళ్లు కోతులు. దొరికాడు. దొరికాక ఏం చేయాలో ఫోను ఆటలో లేదు గదా, అక్కడ మళ్లీ మొదలవుతుందంతే. వీళ్లు నిలబడి కాసేపు అరుచుకున్నారు. చివరికి తేలిందేమంటే, దొరికినవాడే రాయిని తిరిగి చెట్టు కింద పెట్టాలి, పెట్టి కోతి కావాలి. మరునాటికి ఇంకో సూత్రం చేరింది. పెట్టేటప్పుడు రాయికి దండం పెట్టకపోతే చెల్లదు. మేము కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం, ఏమీ చెప్పలేదు. ఎవరో ఎక్కడో కూర్చుని కట్టిన కథలోని లోపాన్ని రెండు మధ్యాహ్నాల్లో సరిచేసిన విమర్శకులు వాళ్లు. మేము ఇన్ని పేజీల్లో చెప్పింది అంతకంటే ఎక్కువేమీ కాదు.

అలా సరిచేసిన ఆట ఫోనులోనే ఉండకూడదా అని వెతికితే ఒకటి దొరికింది, నెవర్ అలోన్. అలాస్కాలో ఇనూపియాట్ అనే మూలవాసుల కథ మీద, కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే వాళ్ల సంస్థ చేయి వేసి చేయించిన ఆట. 2014లో వచ్చింది, తరువాత ఫోన్లకీ వచ్చింది. న్యూనా అనే పిల్ల, ఒక తెల్లనక్క. ఆగని మంచుతుఫాను ఎందుకొస్తోందో తెలుసుకోవడానికి బయలుదేరతారు. కథ చెప్పే గొంతు వాళ్ల భాషలోనే ఉంటుంది, ఇంగ్లీషు కింద అక్షరాల్లో. మధ్యమధ్య వాళ్ల పెద్దలు కనిపించి తమ బతుకు చెబుతారు. లోపాలున్నాయి. దూకాల్సిన చోట దూకదు, నక్క పిల్లకి అడ్డం పడుతుంది, తాడు విసరడం మాకు పది సార్లకి గాని రాలేదు. ఉచితమూ కాదు. ఆటగా టెంపుల్ రన్ అంత నున్నగా లేదు. కాని అందులో చలి ఉంది. గాలి వీచినప్పుడు వంగి నిలబడకపోతే ఎగిరిపోతారు. అక్కడ పుట్టినవాళ్లకే తెలిసే సంగతి అది.

మా ఫోనులో వేసుకుని ఇద్దరు పిల్లలకిచ్చాం. ఐదో తరగతి అమ్మాయి న్యూనా అయింది, పక్కన ఇంకొకడు నక్క ఎటు పోవాలో చెబుతున్నాడు. ఆ ముసలి గొంతు మొదలవగానే ఇద్దరూ ఆగిపోయారు. "సార్, ఇది ఏం భాష?" అంది. వాళ్ల భాష అన్నాం. "ఫోనులో వాళ్ల భాష ఎట్లా పెట్టారు సార్?" అంది. మన కోయలో పాఠం చెప్పినా తెలుగులోనే జవాబు చెప్పే పిల్ల ఆమె. చూడు, ఇంకా ఉంది అన్నాం. కాసేపటికి ఛార్జింగ్ అయిపోయింది, ఆ రోజు కరెంటు లేదు.

మర్నాడు ప్రార్థన కాకముందే ఇద్దరూ వచ్చి నక్క ఏమైందని అడిగారు. మాకు తెలుసు, చెప్పలేదు. ఆదివారం రమ్మన్నాం.