ఇటుక మిగిల్చే పుస్తకం

ఆర్కిటెక్టు లారీ బేకర్ 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూశారు. ఆయన కట్టిన ఇళ్ల గురించి చాలా రాశారు. ‘హౌసెస్: హౌ టు రెడ్యూస్ బిల్డింగ్ కాస్ట్స్’ అనే ఆయన చిన్న పుస్తకం గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. అప్పు చేసి రెండు గదులు వేసుకునేవాళ్లకు అంతకంటే పనికొచ్చే పుస్తకం నేను చూడలేదు. అందులో అక్షరాలూ బొమ్మలూ ఆయన చేత్తో వేసినవే. చదువు అంతగా రాని మేస్త్రీ కూడా బొమ్మ చూసి పని పట్టుకోగలడు.

పొదుపు పునాది దగ్గరే మొదలవుతుంది. తవ్విన మట్టిని బయటికి పోసి, బేస్‌మెంట్ నింపడానికి మళ్లీ లోపలికి మోయిస్తాం. మొదటే లోపలికి పోయమంటారు బేకర్. ఒక కూలి మిగిలింది!

ఇక గోడ. తొమ్మిదంగుళాల గోడలో ఇటుకలను పడుకోబెట్టి కట్టడం మనకు అలవాటు. ‘ర్యాట్ ట్రాప్ బాండ్’లో వాటిని అంచు మీద నిలబెడతారు. బయటివైపు మూడంగుళాల ఇటుక, లోపలివైపు మూడంగుళాల ఇటుక, నడుమ మూడంగుళాల ఖాళీ. రెండు వైపులనూ పట్టి ఉంచడానికి మధ్యమధ్య ఒక ఇటుక అడ్డంగా పడుతుంది. గోడ మందం తగ్గదు, ఇటుకలు మాత్రం సుమారు పాతిక శాతం తగ్గుతాయి. లోపలి గాలి ఎండ వేడిని అడ్డుకుంటుంది. ఫ్యాను ఒక్కటే దిక్కైన ఇంట్లో అది చిన్న మేలు కాదు. అయితే ఇటుకలు వంకర లేకుండా ఒకే కొలతలో ఉండాలి, నడిమి ఖాళీలో సిమెంటు పడకూడదు. మూలల్లో, తలుపుల పక్కన గోడను గట్టిగా నింపేయాలి. ఇదంతా తెలిసిన మేస్త్రీ దొరకడమే అసలు కష్టం.

శ్లాబులోనూ అదే ఆలోచన. పైభాగంలో ఒత్తిడిని కాంక్రీటు మోస్తుంది, కింద లాగుడును ఇనుము మోస్తుంది. కింద ఊచల మధ్య ఊరికే ఉండే కాంక్రీటు చోట పాత మంగుళూరు పెంకులు పెట్టిస్తారు. శ్లాబు బరువు తగ్గుతుంది, దాంతో ఇనుమూ తగ్గుతుంది.

కిటికీ బొమ్మ ఇంకా నచ్చింది నాకు. చట్రం లేదు, బందులు లేవు. నిలువుగా ఒకే చెక్క, అది తిరగడానికి పైనొక రంధ్రం, కిందొక రంధ్రం. తిప్పితే గాలి వస్తుంది, మూస్తే భద్రం. వెలుతురు మాత్రమే కావాల్సిన చోట ఆ చెక్క కూడా అక్కర్లేదు, ఇటుకల జాలీ చాలు.