ఎనభయ్యేడో వంతులో రాయపూర్

రైళ్ల చరిత్రను పుస్తకంగా రాసేవారు తప్పించుకోగల ప్రశ్నలు కొన్ని, అదే చరిత్రను నమూనాగా కట్టేవారికి తప్పవు. రాయపూర్ నుంచి ధమ్తరికి 1900లో నారోగేజి మార్గం తెరుచుకుందని చరిత్రకారుడు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోవచ్చు. ఆ మార్గాన్ని బల్ల మీద పరచదలచినవాడు మాత్రం ప్లాట్‌ఫారం పట్టాల కంటే ఎంత ఎత్తున ఉండేదో, ఇంజను నీళ్లు ఎక్కడ పట్టుకునేదో, పెట్టె మీద ఏ అక్షరాలు ఏ రంగులో ఉండేవో తేల్చుకోనిదే పని మొదలుపెట్టలేడు. చూసేవారికి పెద్దల ఆటవస్తువుగా తోచే ఈ అభిరుచి, నిజానికి చరిత్రను కొలతల భాషలో తిరగరాసే పద్ధతి. పాత ఆనవాళ్లు వేగంగా చెరిగిపోతున్న రాయపూర్ లాంటి చోట దాని విలువ ఇంకా ఎక్కువ.

ఛత్తీస్‌గఢ్ మైదానానికి రైలు మొదట మీటర్‌గేజి రూపంలో వచ్చింది. నాగ్‌పూర్ నుంచి రాజనాంద్‌గావ్ దాకా వేసిన నాగ్‌పూర్–ఛత్తీస్‌గఢ్ రైల్వే 1882 నాటికి పూర్తయింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, అంటే పాతతరం ఉద్యోగులు నేటికీ బీఎన్ఆర్ అని పిలుచుకునే కంపెనీ, ఆ మార్గాన్ని తన చేతిలోకి తీసుకొని బ్రాడ్‌గేజికి మార్చి, రాయపూర్, బిలాస్‌పూర్‌ల మీదుగా తూర్పుకు పొడిగించింది. 1891 నాటికి నాగ్‌పూర్, అసన్‌సోల్‌ల మధ్య దారి కలిసింది. తొమ్మిదేళ్ల తరువాత రాయపూర్ నుంచి దక్షిణంగా 762 మిల్లీమీటర్ల వెడల్పున్న నారోగేజి పట్టాలు ధమ్తరి వరకు, అభన్‌పూర్ దగ్గర చీలి రాజిమ్ వరకు పడ్డాయి. స్థానికులు దీన్ని ‘ఛోటీ లైన్’ అన్నారు. ఇక తెలుగువారికి బాగా దగ్గరైన మార్గం 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం లైను. మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా తూర్పు కనుమలను దాటే ఈ దారి, మధ్య పరగణాల ఖనిజాన్ని అప్పుడు కడుతున్న విశాఖపట్నం రేవుకు చేర్చడానికి వేసింది. 1933 అక్టోబరులో ‘జలదుర్గ’ అనే ఓడ ఆ రేవులోకి అడుగుపెట్టేనాటికి వెనకనున్న పట్టాలు సిద్ధంగా ఉన్నాయి.

నమూనా కట్టేవారు ఎదుర్కొనే మొదటి చిక్కు నిష్పత్తిది. అసలు వస్తువును ఎన్నో వంతుకు తగ్గించారో చెప్పే అంకెను స్కేలు అంటారు. ప్రపంచంలో ఎక్కువ మంది వాడే హెచ్ఓ స్కేలులో నిజమైన రైలు ఎనభయ్యేడో వంతుకు దిగుతుంది. అందులో పట్టాల నడుమ దూరం 16.5 మిల్లీమీటర్లు. ఆ దూరాన్ని 87తో గుణిస్తే యూరప్, అమెరికాల్లో ప్రామాణికమైన 1435 మిల్లీమీటర్లకు దాదాపు సరిపోతుంది. భారతీయ బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. అంటే రాయపూర్ పెద్ద లైనును ఇదే స్కేలులో సరిగా చూపాలంటే 19 మిల్లీమీటర్లకు పైగా వెడల్పున్న పట్టాలు కావాలి, అవి అంగట్లో దొరకవు. దొరికే పట్టాల మీదే భారతీయ ఇంజనును నిలబెడితే, ఎత్తు, పొడవు, కిటికీలు అన్నీ సరిగా ఉన్నా, ముందు నుంచి చూసినప్పుడు బండి కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలుచున్న స్థూలకాయుడిలా కనిపిస్తుంది.

ఈ చిక్కు భారతీయులొక్కరిదే కాదు. బ్రిటన్‌లో ప్రచారంలో ఉన్న ఓఓ స్కేలు అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల లెక్కన, అంటే 76వ వంతున నడుస్తూ, అదే 16.5 మిల్లీమీటర్ల పట్టాలను వాడుతుంది కాబట్టి బ్రిటిష్ రైళ్లు కూడా దశాబ్దాలుగా ఇరుకు కాళ్ల మీదే తిరుగుతున్నాయి. దానితో తృప్తిపడనివారు 18.83 మిల్లీమీటర్ల పట్టాలను సొంతంగా వేసుకుంటారు. ఐదడుగుల మూడంగుళాల గేజి ఉన్న ఐర్లండ్ రైళ్లను కట్టేవారు 21 మిల్లీమీటర్లకు వెళతారు. అదే లెక్కన మన ఐదడుగుల ఆరంగుళాలకు సరిగ్గా 22 మిల్లీమీటర్లు అవుతుంది. ఇరుసులను పొడిగించి, స్లీపర్లను ఒక్కొక్కటే కోసి, పట్టాలను చేత్తో అతికించే ఓపిక ఉన్నవారికే ఇది సాధ్యం. ఓపిక లేనివారిని తప్పుపట్టనక్కరలేదు గానీ, కట్టినదాన్ని భారతీయ రైల్వే అని పిలిచేటప్పుడు హెచ్ఓలో దాదాపు రెండుముప్పావు మిల్లీమీటర్లుండే ఆ రాజీని దాచకుండా ఒప్పుకోవడం ఈ అభిరుచిలో మర్యాదగా చెల్లుతోంది.

ఛోటీ లైను దగ్గరకు వచ్చేసరికి లెక్కలు ఆశ్చర్యకరంగా అనుకూలిస్తాయి. 762 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 8.76 వస్తుంది, 160వ వంతు స్కేలైన ఎన్‌ కోసం ప్రపంచమంతటా తయారయ్యే పట్టాల వెడల్పు 9 మిల్లీమీటర్లు. పావు మిల్లీమీటరు తేడాను కన్ను పట్టదు. చిన్న స్కేలు పట్టాల మీద పెద్ద స్కేలు పెట్టెలను నడిపే ఈ ఏర్పాటును హెచ్ఓఈ అంటారు, ఆస్ట్రియా కొండదారుల నమూనాలకు ఇది పాత అలవాటే. వంపుల విషయంలోనూ అంతే. మన రైల్వేలు వంపును డిగ్రీల్లో కొలుస్తాయి. 1750ని డిగ్రీల సంఖ్యతో భాగిస్తే వ్యాసార్ధం మీటర్లలో వస్తుంది. బ్రాడ్‌గేజిలో అనుమతించే అతి పదునైన వంపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్లు. ఎనభయ్యేడో వంతుకు తగ్గించినా రెండు మీటర్లు, మామూలు ఇంటి గదిలో ఆ వంపు తిరగడం కష్టం. నారోగేజిలో 40 డిగ్రీల వరకు అనుమతి ఉంది. అది సుమారు 44 మీటర్లు, నమూనాలో అర మీటరు. అంటే పెద్ద లైను కట్టేవాడు ప్రతి వంపులోనూ అబద్ధం ఆడక తప్పదు, చిన్న లైను కట్టేవాడికి బల్ల మీది వంపు కూడా నిజమైన వంపే కావచ్చు. రాయపూర్ చరిత్రను నమూనాగా కట్టదలచినవారు ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు ఈ రెండు లెక్కలే సమాధానం.

పొడవు విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. రాయపూర్–ధమ్తరి దూరం సుమారు 74 కిలోమీటర్లు. ఎనభయ్యేడో వంతున అది 850 మీటర్లవుతుంది. అందుకే ఎంపిక చేసి కుదించడం అనే పద్ధతి వచ్చింది: మార్గం స్వభావాన్ని చెప్పే రెండు మూడు చోట్లను ఉంచి, మధ్యనున్న పొలాలను, ఒకేలాంటి హాల్టులను వదిలేస్తారు. ఈ లైనులో ఉంచవలసినది నిస్సందేహంగా అభన్‌పూర్. రెండు దారులు చీలే జంక్షన్ కాబట్టి ఇంజను తిప్పడం, పెట్టెలు విడదీయడం, ఒకదాని కోసం మరొకటి ఆగడం అన్నీ అక్కడే చూపవచ్చు. ఏది వదిలేయాలో నిర్ణయించడానికి ఏది ముఖ్యమో ముందు తెలియాలి కాబట్టి, కుదింపు మంచి చరిత్ర జ్ఞానానికే పరీక్ష.

స్థలం తేలాక కాలం తేలాలి. కాలాన్ని పట్టించే ఆనవాళ్లలో అక్షరాలు ప్రధానం. కంపెనీ పాలన 1944 అక్టోబరు 1న ముగిసి బీఎన్ఆర్ ప్రభుత్వపరమైంది. 1952లో తూర్పు రైల్వేలో కలిసింది. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వేగా విడిపోయింది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే, దానితోపాటు రాయపూర్ డివిజన్ పనిలోకి వచ్చాయి. వ్యాగను పక్కన ఉండే రెండు మూడు అక్షరాలు ఈ నాలుగు కాలాల్లో ఏదో ఒకదానిని బయటపెడతాయి. ఇంజన్ల అంకెలూ అంతే. బీఎన్ఆర్ బరువైన సరకు రైళ్ల కోసం 1930 ప్రాంతంలో మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ నుంచి తెప్పించిన ఎన్ తరగతి గారట్ ఇంజన్లు, అంటే మధ్యలో ఒకే బాయిలరు, దానికి ముందూ వెనకా వేర్వేరు చక్రాల కూటములు ఉండి వంపుల్లో మడత పడగల భారీ యంత్రాలు, ఒక్కొక్కటి 234 టన్నుల బరువుండేవి. వాటిలో 815 నంబరు ఇంజను ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో నిలిచి ఉంది. దేశమంతటికీ ఒకే అంకెల పద్ధతి వచ్చిన 1957 ప్రాంతంలో అది 38815 అయింది. కాబట్టి నమూనా గారట్ మీద 815 అని రాసి, వెనక ఆగ్నేయ రైల్వే అక్షరాలున్న వ్యాగన్ల వరుస తగిలిస్తే రెండేళ్ల సందు తప్ప మిగతా కాలమంతా తప్పే. ఇలాంటి తప్పుల మీద అభిరుచిపరులు గంటల తరబడి వాదించుకోవడం బయటివారికి చాదస్తంగా అనిపించవచ్చు; ఒక శాసనంలో లిపి చూసి శతాబ్దం చెప్పేవారి పద్ధతికీ దీనికీ తేడా లేదు.

అక్షరాల తరువాత చూడవలసినవి కొక్కేలు, గొట్టాలు. రెండు బఫర్ల మధ్య మరసీల గొలుసు ఉన్న నాలుగు చక్రాల వ్యాగన్లు ఒక కాలానివి. మధ్యలో పిడికిలిలా పట్టుకునే కప్లరుతో వచ్చే ఎనిమిది చక్రాల పొడవైన వ్యాగన్లు తరువాతివి. భిలాయి ఉక్కు కర్మాగారం మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో వెలిగాక రాయపూర్ మీదుగా పోయే సరకు రైళ్ల రూపురేఖలు మారిపోయాయి కనుక, ఆ ఏడాదికి ఇటా అటా అన్నది ముందే తేల్చుకోవాలి. మైళ్లు కిలోమీటర్లుగా, అణాలు నయా పైసలుగా మారిన కాలం కూడా ఇదే. పట్టాల పక్కన పాతిన రాయి, కౌంటర్లో అట్ట టికెట్టు మీది ధర, రెండూ ఒకే కాలానికి చెందాలి.

నేల రంగు దగ్గర చాలామంది అజాగ్రత్త చూపుతారు. విదేశీ కంపెనీలు అమ్మే పచ్చిక పొడులు చల్లితే ఛత్తీస్‌గఢ్ రాదు. ఇక్కడి రైతులు నేలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని పేర్లు పెట్టి విడదీస్తారు: మొదటిది ఎర్రని గులకల నేల, రెండోది పసుపుపచ్చది, చివరిది నల్లరేగడి, మూడోది ఆ రెండింటి నడుమది. ఒకే మైలు దూరంలో ఈ రంగులు మారుతుంటాయి. అసలు మట్టినే తెచ్చి, జల్లించి, పలచన చేసిన ఫెవికాల్‌లో చుక్క సబ్బునీరు కలిపి అతికించడం చవకైన పద్ధతే కాక నమ్మదగినది కూడా. తరువాత రుతువును ఎంచుకోవాలి. వరి మడుల్లో నీళ్లు నిలిచిన శ్రావణమా, కోత అయిపోయి మోళ్లు మిగిలిన మాఘమా అన్నదాన్ని బట్టి రైల్లో జనం కూడా మారతారు. మహానది, పైరీ, సోంఢూర్ కలిసే రాజిమ్‌లో మాఘ పౌర్ణమి నుంచి శివరాత్రి వరకు జాతర సాగుతుంది కాబట్టి, మాఘమాసపు నమూనాలో రాజిమ్ బండి ఖాళీగా నడిస్తే నేల రంగు ఎంత సరిగా ఉన్నా ఫలితం లేదు.

కట్టడం అయ్యాక నడపడం ఉంటుంది, ఈ కళలో లోతైన భాగం అదే. గుండ్రంగా తిరుగుతూ ఉండే రైలు పిల్లలను ఆనందపెడుతుంది. రాయపూర్–విజయనగరం లాంటి దారి కట్టినవారు అది నిజంగా పనిచేసిన తీరునే నడిపి చూస్తారు. ఒంటి లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒకే బండి ఉండాలి. ముందు స్టేషను ఒప్పుకున్నట్టు తెలిపే లైన్ క్లియర్ అందాక, యంత్రం నుంచి తీసిన లోహపు బంతిని, అంటే టోకెన్‌ను, వలయానికి కట్టిన సంచిలో పెట్టి డ్రైవరు చేతికి అందించేవారు. ఆ బంతి లేనిదే బండి కదిలేది కాదు. నమూనాలోనూ ఒకరు స్టేషను మాస్టరుగా, ఒకరు డ్రైవరుగా, ఒకరు కంట్రోలరుగా కూర్చుని, కాలపట్టిక ప్రకారం ఎదురు బండ్లను దాటిస్తే, ఖనిజపు రైలు ప్యాసింజరును ఎందుకు గంటసేపు లూప్ లైనులో నిలబెట్టేదో పుస్తకం చెప్పలేనంత స్పష్టంగా అర్థమవుతుంది.

మన దేశంలో ఈ పని చేయదలచినవారు చూడదగిన చోట్లు లేకపోలేదు. పుణేలో బి.ఎస్. జోషి సేకరణతో 1998లో మొదలైన చిన్న రైళ్ల మ్యూజియం ప్రజలకు ఈ కళను పరిచయం చేసింది. రాయపూర్ వారికి అంతకంటే అక్కరకొచ్చేది నాగ్‌పూర్‌లోని మోతీబాగ్ నారోగేజి మ్యూజియం; 2002లో తెరిచిన ఈ చోట బీఎన్ఆర్ చిన్న లైన్ల అసలు వస్తువులకు దగ్గరగా నిలబడి టేపుతో కొలుచుకోవచ్చు. కాగితపు ఆధారాల్లో హ్యూ హ్యూస్ నాలుగు భాగాలుగా వెలువరించిన భారతీయ ఇంజన్ల జాబితా ఇప్పటికీ మొదట తెరవవలసిన పుస్తకం. అయితే పుస్తకాలు గానీ, ఆవిరి ఇంజన్ల కోసం సముద్రాలు దాటివచ్చిన అభిమానుల ఫొటోలు గానీ ఇంజన్లకు ఇచ్చినంత చోటు గ్యాంగ్‌మన్ గుడిసెకు, నీళ్ల తొట్టికి, గేటుకు ఇవ్వవు.

అసలు లైనులో మిగిలింది కూడా తక్కువే. రాయపూర్ స్టేషన్, తేలీబాంధా మధ్య చిన్న రైలు 2017లో ఆగిపోయి, ఆ పట్టాల దారిలో ఎక్స్‌ప్రెస్‌వే లేచింది. మిగతా భాగం బ్రాడ్‌గేజిగా మారే పనుల్లో పాత స్టేషన్ల రూపం పోయింది. అందువల్ల ఇప్పుడు మిగిలిన ముఖ్య ఆధారం మనుషులు. బీఎన్ఆర్ తీరాంధ్ర మీదుగా వాల్తేరు వరకు పరుచుకున్న కంపెనీ కావడంతో ఉత్తరాంధ్ర కుటుంబాలు దాని వెంట ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, రాయపూర్‌లకు చేరాయి. 1920లలో ఆ కంపెనీ కార్మికులను సంఘటితపరచినవారిలో తరువాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఒకరు. వ్యాగన్ల మరమ్మతు కర్మశాల చుట్టూ ఏర్పడిన డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ లాంటి చోట్ల తెలుగు ఇళ్లలో ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా, పాయింట్స్‌మన్లుగా పనిచేసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వారిని అడగడానికీ ఒక పద్ధతి ఉంది. పెట్టె ఏ రంగులో ఉండేదని అడిగితే జ్ఞాపకం ఇటీవలి రంగునే ఇస్తుంది. బండి ఆగినప్పుడు జెండా పట్టుకుని ఎటువైపు దిగేవారు, ఇసుక ఎక్కడ నింపుకునేవారు, వానాకాలంలో ఏ మలుపు దగ్గర చక్రాలు జారేవి అని పనిని గురించి అడిగితే, చెయ్యి చూపుతూ, నేల మీద గీత గీస్తూ చెబుతారు. ఆ గీతను కాగితం మీదికి ఎత్తుకుని, 1900 నాటి సర్వే పటంతో, తేలీబాంధా వైపు నేటి రోడ్డు వంపుతో సరిచూసి, అప్పుడు తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాను వంచడం మొదలుపెట్టాలి.