మన వసంతానికి కోకిలే దిక్కా?

ఉగాది కవిసమ్మేళనం ముగించుకుని కార్లో ఇంటికి వస్తున్నాం. మార్చి నెలాఖరు. డెట్రాయిట్ శివార్లలో ఆ రోజు పొద్దున్నే రెండంగుళాల మంచు పడింది. హాలు బయట పార్కింగ్ లాట్‌లో పాత మంచు కుప్పలు మురికి పట్టి మనిషెత్తున ఉన్నాయి. హాల్లో మాత్రం వసంతం విరగబూసింది. పదకొండు మంది కవితలు చదివితే తొమ్మిదింట్లో కోకిల కూసింది, ఏడింట్లో మావి చివురు తొడిగింది. ఆ తొమ్మిదిలో ఒకటి నాది. చప్పట్లు బాగానే పడ్డాయి.

వెనక సీట్లోంచి మా అమ్మాయి అడిగింది. అప్పుడు దానికి పన్నెండేళ్ళు. “నాన్నా, కోకిల కూయడం నువ్విక్కడ ఎప్పుడైనా విన్నావా?” లేదన్నాను. “మరి విన్నానని రాశావేం?” అది కవిత్వంలే అమ్మా అన్నాను. “అంటే కవిత్వంలో వినకపోయినా విన్నానని చెప్పొచ్చా?” మా ఆవిడ పక్కకి తిరిగి నవ్వుకుంది. నేను రేడియో పెట్టాను.

అది ఇప్పుడు కాలేజీలో ఉంది. ఆ రోజు దానికి చెప్పవలసిన జవాబు కొన్నేళ్ళు ఆలస్యంగా ఇక్కడ రాస్తున్నాను. పనిలో పనిగా, అమెరికాలో మనం రాసుకునే కవితల్లో, కథల్లో చలికాలం పోయి వసంతం రావడం ఎలా ఉంటోందో కూడా చూద్దామని. పేర్లు చెప్పను. ఈ తప్పు ఏ ఒక్కరిదీ కాదు, అందరికంటే ఎక్కువగా చేసినవాణ్ణి నేనే.

ముందు నా తరఫున నేనే వాదించుకుంటాను. మన సాహిత్యంలో కవిసమయం అని ఒకటుంది. చకోరం వెన్నెల తాగుతుందంటాం, హంస పాలనీ నీళ్ళనీ వేరు చేస్తుందంటాం. చూసినవాళ్ళెవరూ లేరు. చూడలేదు కదా అని ఎవరూ కవిని నిలదీయలేదు. మరి మిషిగన్‌లో కోకిలని కూయిస్తే తప్పేమిటి?

వాదన బాగానే ఉంది గాని ఒక చోట తేలిపోతుంది. కవిసమయం అంటే చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఉన్న ఒప్పందం. ఆ హాల్లో నా వయసు వాళ్ళకి కోకిల అనగానే పరీక్షలు, వేపపూత, మధ్యాహ్నపు ఎండ, మామిడి తోటలో కాపలా తాత అన్నీ ఒకేసారి గుర్తుకొస్తాయి. నేను రాయకపోయినా వాళ్ళే పూరించుకుంటారు. అంటే నా కవితలో సగం వాళ్ళే రాసిపెడుతున్నారు. పిల్లల వరసలో కూచున్నవాళ్ళకి ఆ ఒప్పందంతో సంబంధం లేదు. వాళ్ళకి కోకిల అంటే తెలుగు బడి క్విజ్‌లో ఒక జవాబు. మనం రాసేది మనతోనే ఆగిపోతోందని బాధపడుతూనే, మనకి మాత్రమే అర్థమయ్యేలా రాస్తున్నాం.

ఇంకో మాట. కోకిలే మన సంప్రదాయం అనుకోవడం సంప్రదాయాన్ని చిన్నబుచ్చడం. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో వానాకాలపు వర్ణన చూడండి. మబ్బులూ మెరుపులూ నెమళ్ళూ ఉన్నాయి, నిజమే. కాని వాటి పక్కనే తడిసిన కట్టెలు ఉన్నాయి. నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగే ఆడవాళ్ళున్నారు, ఊదినా ఊదినా అంటుకోని పొయ్యి ఉంది, ఇంటినిండా పొగ ఉంది, పొద్దుపోయాక గాని అందని అన్నం ఉంది. రాజ్యమేలే రాజు వానని వంటింట్లోంచి చూశాడు. ఐదు వందల ఏళ్ళ తరవాత కూడా ఆ పద్యాలు చదువుతుంటే కళ్ళు మండుతాయి. అంచేత ఇంటి పనుల్లోంచి ఋతువుని చెప్పడం మనం అమెరికా వచ్చి కొత్తగా నేర్చుకోవలసిన విద్య కాదు. మన పెద్దలు చేసినదే.

అలా చూడకపోవడం వల్ల మాటల్లోనే పొరపాటు పడుతున్నాం. శిశిరం అన్న మాట తీసుకోండి. మన పంచాంగం ప్రకారం శిశిరం అంటే మాఘ ఫాల్గుణాలు. ఆకులు రాలేదీ అప్పుడే, ఆ వెంటనే చైత్రంలో చివురు తొడిగేదీ అప్పుడే. ఆకు రాలడానికీ చివురు రావడానికీ మధ్య ఎడం కొద్ది వారాలే. అందుకే తెలుగులో ‘శిశిరం వెంట వసంతం’ అన్నది అంత సులువైన ఓదార్పు అయింది. ఇక్కడ ఆకులు రంగులు మారి రాలేది అక్టోబరు, నవంబరుల్లో. మనలో చాలామంది దాన్నే శిశిరం అని రాస్తాం. ఆ తరవాత వెంటనే వసంతాన్ని తీసుకొచ్చేస్తాం. మధ్యలో ఉన్న ఐదు నెలలూ ఏమైనట్టు? మనం నిజంగా బతికిందంతా ఆ ఐదు నెలల్లోనే కదా! అరువు తెచ్చుకున్న ఒక్క మాట మన అనుభవంలో అంత భాగాన్ని మింగేసింది. ఓదార్పు కూడా అబద్ధమైపోయింది. ఇక్కడి చెట్టు చివురు కోసం ఎదురుచూసే కాలం అంత పొడుగు.

కథల సంగతికి వస్తే, అక్కడ కోకిల కనపడదు గాని మంచు కనిపిస్తుంది. మన కథల్లో మంచు పడిందంటే ఎవరో ఒంటరిగా ఉన్నారని అర్థం. చివరి పేరాలో డాఫడిల్ పువ్వు మంచులోంచి తల ఎత్తిందంటే కథ ఆశాజనకంగా ముగిసిందని అర్థం. ఇండియా నుంచి వచ్చిన అమ్మగాని అత్తగారుగాని ఉంటే ఆవిడ తప్పకుండా కిటికీ దగ్గర కూచుని ఉంటుంది, బయట తెల్లటి శూన్యం ఉంటుంది. ఇలాంటి కథ నేనూ ఒకటి రాశాను. దాని గురించి చెప్పాలి.

మా అమ్మ మొదటిసారి 2009లో ఫిబ్రవరి ఆఖరున వచ్చింది. అనకాపల్లి దగ్గర పల్లెటూరు మాది. వచ్చిన రెండు వారాలకి గడియారాలు గంట ముందుకి జరిపాం. 2007 నుంచి మార్చి రెండో ఆదివారమే అది చేస్తున్నారు కదా. “పొద్దుని కూడా వీళ్ళే దిద్దుకుంటార్రా!” అంది. ఆ నెలలోనే ఓ శనివారం పిల్లల్ని తీసుకుని మేపుల్ సిరప్ కాచే చోటికి వెళ్ళాం. రాత్రి గడ్డకట్టే చలీ, పగలు కాస్త వెచ్చదనమూ ఉన్న రోజుల్లోనే ఆ చెట్టు నీరు కారుస్తుంది. సుమారు నలభై గాలన్ల నీరు మరగబెడితే ఒక గాలను పాకం వస్తుంది. పాకం మరుగుతున్న పాకలోకి అడుగు పెట్టగానే అమ్మ ఆగిపోయింది. “బెల్లం వండుతున్న వాసన్రా ఇది” అంది. అక్కడ ఉన్న పెద్దాయనతో, భాష రాకపోయినా, పాకం తీగ ఎలా చూడాలో వేళ్ళతో చేసి చూపించింది. ఆయన కూడా గరిటె ఎత్తి తన పద్ధతి చూపించాడు.

ఆ ఏడు మార్చి నుంచి మే దాకా ఆవిడ భోజనాల గదిలో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని గంటల తరబడి కూచునేది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అక్కడే ఉండేది. ఆ మరుసటేడు నేను కథ రాశాను. కిటికీ, మంచు, మాట్లాడేవాళ్ళు లేని అమ్మ, చివర్న డాఫడిల్. ఒక సంచికలో వచ్చింది. బాగా ఏడిపించారు అని ఫోన్లు వచ్చాయి.

2012లో అమ్మ మళ్ళీ వచ్చినప్పుడు ఆ కథ చదివింది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, “ఒరే, నేనక్కడ కూచున్నది నారు చూసుకోడానికి రా” అంది.

నిజమే. ఆ కిటికీ గట్టు మీద పెరుగు డబ్బాల్లో ఆనప, బీర, వంగ, మిరప నారు ఉండేది. నేను రోజూ చూశాను, చూసి రాయలేదు. కథలో అమ్మని పెట్టి డబ్బాలు తీసేశాను. ఎందుకంటే డబ్బాలుంటే ఆవిడ ఒంటరిది కాదు, పనిలో ఉన్న మనిషి. పనిలో ఉన్న మనిషిని చూసి పాఠకులు ఏడవరు.

ఆవిడ ఒంటరితనం పూర్తిగా అబద్ధం అనడం లేదు. డ్రైవింగ్ రాని మనిషికి ఈ దేశంలో మధ్యాహ్నం ఎంత పొడుగో మనందరికీ తెలుసు. ఆ బాధ రాసినవాళ్ళు న్యాయంగానే రాశారు, మొదట రాసినవాళ్ళకి ధైర్యం కూడా కావలసి వచ్చింది. నా అభ్యంతరమల్లా అది అచ్చు పోసినట్టు అయిపోవడం గురించి. ఒకసారి అచ్చు తయారయ్యాక, ఎదురుగా ఉన్న మనిషిని అందులో పట్టేలా కోసేస్తాం.

అమ్మ 2016లో పోయింది. ఆవిడ గది సర్దుతుంటే డాలర్ స్టోర్‌లో కొన్న ఓ నోటు పుస్తకం దొరికింది. రెండు ట్రిప్పుల లెక్కా అందులో ఉంది. ఏ రోజు ఏ గింజ నానవేసిందో, ఎన్నో రోజున మొలకెత్తిందో, గోంగూర గింజలు ఎవరింటి నుంచి వచ్చాయో, నారుని ఏ రోజు మొదటిసారి డెక్ మీద ఎండకి పెట్టిందో రాసుకుంది. పురిటి బిడ్డని ఎండ చూపించినట్టు మొదట గంటసేపు, తరవాత రెండు గంటలు. మదర్స్ డే దాటే దాకా నేలలో నాటొద్దని పక్కింటి ఆవిడ చెప్పిందనీ, తను వినలేదనీ, రాత్రికి రాత్రి మంచు కాల్చేస్తే రెండు బీర మొక్కలు పోయాయనీ ఉంది. కరివేపాకు కుండీని లోపలికి తెచ్చిన రాత్రుళ్ళు ఉన్నాయి. మా అమ్మాయి గరాజ్ దీపం మీద రాబిన్ గూడు చూపించిన రోజు ఉంది. చలికాలంలో కొన్ని రాబిన్లు ఇక్కడే ఉండిపోయినా, మంచు కరిగిన లాన్ల మీద వానపాముల కోసం గెంతుతూ కనపడితేనే ఇక్కడివాళ్ళకి వసంతం వచ్చినట్టు. 1931 నుంచి మిషిగన్ రాష్ట్ర పక్షి అదే. అమ్మ దానికి పేరు తెలియక ‘ఎర్రపొట్ట పిట్ట’ అని రాసుకుంది. పాతికేళ్ళుగా కవితలు రాస్తున్న నాకు ఆ పిట్టకి ఒక తెలుగు పేరు పెట్టాలన్న ఆలోచనే రాలేదు.

నా లెక్కలో మా ఊళ్ళో తెలుగులో వచ్చిన వసంత వర్ణనల్లో మంచిది ఆ నోటు పుస్తకం. కొడుకుగా అంటున్న మాట కాదిది. అందులో మార్చికీ మేకీ తేడా ఉంది. ఎదురు చూడటం ఉంది, పొరపాటు ఉంది, పొరపాటుకి ఖరీదు ఉంది. మా కవితల్లో ఇవేవీ లేవు. అక్కడ వసంతం నిమంత్రణ పత్రం మీద అచ్చు వేసిన తేదీకి వచ్చేస్తుంది.

‘అయితే ఊరి సంగతులన్నీ మరిచిపోయి రాబిన్ల మీద, ట్యూలిప్‌ల మీద రాయమంటారా?’ అని అడగొచ్చు. అదీ కాదు. కోకిల తీసేసి రాబిన్ పెడితే ఒక అచ్చు పోయి ఇంకో అచ్చు వస్తుంది, అంతే. రెండు నేలలూ ఒకే పెరట్లో ఎలా ఇముడుతున్నాయో, ఎక్కడ ఇమడటం లేదో చూడమంటున్నాను. గోంగూర చూడండి. జూన్ నుంచి ఇక్కడ ఏపుగా పెరుగుతుంది, పచ్చడికి కొదవ ఉండదు. కాని పగటి పొద్దు తగ్గితే గాని అది పూతకి రాదు. ఇక్కడ పొద్దు తగ్గేసరికి మంచు వచ్చేస్తుంది. ఆకు దక్కుతుంది, గింజ దక్కదు. ఏటా గింజ వెతుక్కోవలసిందే. తెలుగు బడి నడిపేవాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

పిల్లలతో వాషింగ్టన్ చెర్రీ పూలు చూడటానికి వెళ్ళని కుటుంబం మనలో తక్కువ. ఫొటోలు దిగి వస్తాం. ఆ చెట్లకి ఒక కథ ఉంది. 1910లో జపాన్ నుంచి మొదట వచ్చిన రెండు వేల చెట్లకి పురుగూ తెగులూ ఉన్నాయని తేలి అన్నిటినీ కాల్చేశారు. మళ్ళీ 1912లో 3,020 చెట్లు పంపారు. అవే నిలిచాయి. ఇవాళ నారింజ, నిమ్మ జాతులకి తెగులు అంటించే పురుగు వస్తుందని ఫ్లోరిడా, కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి చోట్ల కరివేపాకు మొక్కని ఇష్టం వచ్చినట్టు తరలించనివ్వరు. ఒకటి పరాయి దేశపు చెట్టు, దాన్ని చూడటానికి ఇవాళ జాతర. ఇంకొకటి మన మొక్క, దానికి నిబంధనలు. ఈ రెంటి మధ్య నడిచే ఒక తెలుగు కుటుంబం గురించి ఎంత రాయొచ్చు! మనం మాత్రం పూలు మంచులా రాలాయనో, మంచు పూలలా రాలిందనో రాసి ఊరుకుంటున్నాం.

ఇప్పుడు మా అమ్మాయికి జవాబు. కవిత్వంలో విననిది విన్నానని చెప్పొచ్చమ్మా, వినేవాళ్ళు ఒప్పుకుంటే. ఆ రోజు నిన్ను అడగకుండానే నీ తరఫున కూడా ఒప్పేసుకున్నాను. అదీ నా తప్పు.

వచ్చే ఉగాదికి మా ఊరి సమ్మేళనంలో ఒక చిన్న నియమం పెడదామని అడగబోతున్నాను. గడియారాలు జరిపిన ఆదివారం నుంచి మదర్స్ డే దాకా ఎవరింట్లో ఏం జరిగిందో, అందులోంచి ఒక్కటి రాయాలి. గుమ్మం దగ్గర కార్పెట్ మీద ఉప్పు మరకలు కడగడం కావచ్చు, బేస్‌మెంట్లో ట్యూబులైటు కింద మిరప నారు కావచ్చు. కోకిలని నిషేధించను. ఇక్కడ అది లేదని తెలిసి, ఆ లోటు తెలిసేలా రాస్తే అంతకంటే కావలసిందేముంది?

నా వంతు నేను మొదలుపెట్టాను. అమ్మ నోటు పుస్తకంలో ఆఖరి పదిహేను పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఈ ఏడు ఆనప గింజలు నానవేసిన తేదీ అందులోనే రాశాను. నాలుగు వేస్తే మూడు మొలిచాయి.