రిఫరెన్స్ తెలియనివాళ్ల ఎక్స్‌కేసీడీ

మా హాస్టల్లో నవ్వడానికి కూడా సిలబస్ ఉండేది. ఉస్మానియా క్యాంపస్‌కి కొత్తగా వచ్చినప్పుడు తెలుగు సినిమా డైలాగుల్లో నాకు లోటేం లేదు. మెస్‌లో పప్పు నీళ్లలా ఉన్నా, ఇంటర్నల్స్‌లో మార్కులు పోయినా ఎవడో ఒకడు బ్రహ్మానందం డైలాగ్ వేసేవాడు, అందరం నవ్వేవాళ్లం. ఇబ్బందల్లా తార్నాకలో ఓ సీనియర్ రూమ్‌కి వెళ్లినప్పుడే. గోడ నిండా ఎక్స్‌కేసీడీ కామిక్స్ ప్రింటౌట్లు. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వేవాణ్ణి. అర్థమై కాదు.

నాసాలో కొన్నాళ్లు పనిచేసిన రాండల్ మన్రో 2005లో మొదలుపెట్టిన వెబ్‌కామిక్ అది. కళ్లూ ముక్కూ కూడా లేని పుల్లల బొమ్మలు. సినిమాలు, లెక్కలు, ప్రేమ, రాకెట్లు అన్నీ అందులోనే. ఈమధ్య పాతవి వరసగా మళ్లీ చదివితే, ఆయన సినిమా జోకులు రెండు రకాలని తెలిసొచ్చింది.

మొదటి రకం గుమ్మం దగ్గరే టికెట్ అడుగుతుంది. 1971లో విమానం హైజాక్ చేసి మాయమైన డి.బి. కూపరే 'ద రూమ్' సినిమా తీసిన టామీ వైసో అని ఓ కామిక్‌లో వాదన. ఇద్దరిలో ఒక్కరు తెలియకపోయినా మీరు బయటే. రెండో రకానికి 2009 నాటి సినిమా చార్ట్ ఉదాహరణ. కథలో ఎవరు ఎప్పుడు ఎవరితో ఉన్నారో గీతలుగా గీశాడు. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' గీతలు నదీపాయల్లా విడిపోయి కలుస్తాయి. '12 యాంగ్రీ మెన్'కి మాత్రం పన్నెండు గీతలూ పక్కపక్కనే తిన్నగా పోతాయి. ఒకే గదిలో కూర్చున్న జ్యూరీ కదా! సినిమా చూడకుండానే నవ్వొచ్చింది. తర్వాత వెతుక్కుని చూశాను.

అంతరిక్షం మీద ఆయన వేసిన మంచి కామిక్స్ ఈ రెండో రకమే. 2012లో సాటర్న్ 5 రాకెట్ బొమ్మ గీసి, ఇంగ్లీషులో బాగా వాడుకలో ఉన్న వెయ్యి మాటలతోనే దాని భాగాలన్నీ వివరించాడు. ఆ వెయ్యిలో 'రాకెట్' అన్న మాటే లేదు! గిడుగు పేరు ఏటా తలుచుకునే మనం, బడిలో 'పలాయన వేగం' అన్న మాట చూడగానే పలాయనం చిత్తగించినవాళ్లమే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 2010 జనవరిలో వచ్చిన 'స్పిరిట్'. 90 రోజుల పనికని అంగారకుడి మీదికి వెళ్లిన రోవర్, పని బాగా చేస్తే ఇంటికి తీసుకెళ్తారనుకుంటుంది. ఏళ్లు గడుస్తాయి. ఇసుకలో కూరుకుపోయాక కూడా, సరిగ్గా చేయలేదేమో అనే దాని బెంగ.

దీని మీద నాకు ఒక పేచీ ఉంది. యంత్రానికి మనసు తగిలించి ఏడిపించడం సులువు. పైగా 90 రోజులకని పంపిన బండిని ఆరేళ్లు నడిపించిన ఇంజనీర్ల విజయం ఇక్కడ ఓ అనాథ పిల్ల కథ అయిపోయింది. వాళ్లకిది అన్యాయమే. చాలాకాలం ఈ మాటే అందరితో వాదించేవాణ్ణి.

2019 సెప్టెంబర్ 7, తెల్లవారుజామున రెండు కావస్తోంది. తార్నాకలో అద్దెగది, నలుగురం, ఒక ల్యాప్‌టాప్. 2.1 కిలోమీటర్ల ఎత్తు దాకా అంతా సవ్యంగా ఉన్న విక్రమ్ ల్యాండర్ నుంచి సిగ్నల్ ఆగిపోయింది. ఇస్రో కంట్రోల్ రూమ్‌లో మొహాలు మారిపోయాయి. అలవాటు కొద్దీ మాలో ఒకడు సినిమా డైలాగ్ వేశాడు. పదేళ్లలో మొదటిసారి, ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఆ డైలాగ్ వేసినవాడే, "పాపం, వాడొక్కడే అక్కడ పడున్నాడా?" అన్నాడు.

ల్యాండర్‌ని 'వాడు' అన్నాడు. పేచీ పెట్టుకోవాలనిపించలేదు. మనం పంపినదాన్ని తలుచుకుని దిగులుపడటానికి ఏ సినిమా చూసుండాలి, ఏ కామిక్ చదివుండాలి?

వాడు ఎక్స్‌కేసీడీ ఎప్పుడూ చదవలేదు.