డంగు సున్నం తెలిసిన చెయ్యి

పాత కట్టడం బీటలిస్తే సిమెంటు మెత్తేయడం మనకో జబ్బు. తీరాన ఉన్న కొత్తపట్నం వైపు నుంచి ఉప్పుగాలి వీచే ఒంగోల్లో అది మరీ చేటు. తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది, గోడలోనే ఉప్పు పేరుకుని ఇటుకను పొడి చేస్తుంది. అందుకే 1984లో పుట్టిన ఇంటాక్ లాంటి స్వచ్ఛంద సంస్థలు వారసత్వ కట్టడాల మరమ్మతుకు సున్నాన్నే నమ్ముకుంటాయి. నిపుణులు నివేదికలు రాస్తారు, సరే. గోడను నిలబెట్టేది మాత్రం సున్నం మేస్త్రీ.

ఆయనది నిదానపు పని. కాల్చిన సున్నపురాయిని నీళ్లు పోసి విరిచి, రోజుల తరబడి మాగనివ్వాలి. ఇసుక కలిపి గానుగలో వేస్తే రాతి చక్రం వెన్నలా నూరుతుంది; అదే డంగు సున్నం. ఒకప్పుడు ఆ చక్రాన్ని ఎడ్లు తిప్పేవి (ఒంగోలు గిత్తలకు బండలాగుడు పందేలొక్కటే పని కాదు మరి). కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతారు. మేస్త్రీ కాస్త తాపీ మీదికి తీసుకుని బోర్లిస్తాడు. జారకుండా అంటుకుని ఉంటే అదను కుదిరినట్టే. పూసే ముందు గోడను బాగా తడుపుతాడు, లేదంటే సున్నంలోని నీళ్లన్నీ ఇటుకే తాగేస్తుంది. పూశాక తడి గోనెలు కప్పుతాడు. పూర్తిగా గట్టిపడటానికి గాలిలోని బొగ్గుపులుసు వాయువు కావాలి, దానికి నెలలు పడుతుంది. బిల్లు త్వరగా పాసవ్వాలనుకునే కాంట్రాక్టరుకు ఇది బొత్తిగా నచ్చదు.