నీడచెట్టు ఏ దిక్కున?

ఇంటికి దక్షిణాన ఆకురాల్చే చెట్లను, ఉత్తరాన దట్టమైన చెట్ల వరుసను పెంచితే ఇంధనం ఆదా అవుతుందని కొన్ని గ్రంథాలు బోధిస్తాయి. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఈ సలహా సమంజసమే. అక్కడ డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు క్షితిజానికి సుమారు 27 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మోడుకొమ్మల గుండా ఇంట్లోకి ఎండ రావాలి. ఉత్తరపు చలిగాలి ఆగాలి.

ఈ సూత్రాన్నే హైదరాబాదుకు అన్వయించడం పొరపాటు. ఈ నగరం 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. జూన్ 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిని దాటి 6 డిగ్రీలు ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. అప్పుడు దక్షిణపు చెట్టు నీడ ఇంటివైపు పడదు. సాయంకాలపు ఏటవాలు ఎండకు కాగేది పడమటి గోడ. రాత్రి ఆ వేడినే గదిలోకి వదులుతుంది.

కాబట్టి వేప, కానుగ వంటి చెట్లకు తగిన చోటు పడమర, ఆ తరువాత తూర్పు. నీడతోబాటు ఆకులు నీటిని ఆవిరి చేస్తాయి. ఒక్కొక్క గ్రాముకు సుమారు 580 కెలోరీల ఉష్ణం ఖర్చవుతుంది. అయితే కిటికీలకు గాలి రానీయని కంచె ఉక్కపోతనే మిగులుస్తుంది.

ఆగస్టు మొదటివారంలో బడి ఆవరణలో నిలువుగా కర్ర పాతి, మధ్యాహ్నం దాని నీడ దాదాపు మాయమవడం చూపితే, అక్షాంశం చూడకుండా చెట్టు నాటరాదని విద్యార్థులకు బోధపడుతుంది.