పిండికట్టు విప్పాక

సెరిబ్రల్ పాల్సీలో దెబ్బ తగిలింది మెదడుకు. ఆపరేషన్ చేసేది ఎక్కువగా కాళ్లకు. బిగుసుకున్న కండరాన్ని పొడవు చేస్తారు, మెలితిరిగిన తొడ ఎముకను కోసి సరిచేసి ప్లేటు బిగిస్తారు, జారిపోతున్న తుంటిని కుదురుస్తారు. మెదడు నుంచి వచ్చే ఆజ్ఞలు మాత్రం పాతవే. అందుకే ఆపరేషన్‌తో బిడ్డకు నడక రాదు, నడక నేర్చుకునే వీలు వస్తుంది.

ఒకప్పుడు ఏడాదికొక ఆపరేషన్ చొప్పున చేసేవారు. పుట్టినరోజులన్నీ ఆసుపత్రిలోనే గడిచే ఆ పద్ధతిని కెనడా ఎముకల వైద్యుడు మెర్సర్ రాంగ్ ‘బర్త్‌డే సిండ్రోమ్’ అన్నాడు. ఇప్పుడు తుంటి, మోకాలు, మడమ లోపాలను వీలైనంతవరకు ఒకేసారి సరిచేస్తున్నారు. దాంతో కోలుకునే భారమూ ఒకేసారి ఇంటిమీద పడుతుంది.

మొదటి రాత్రులు కష్టమైనవి. నిద్ర పట్టేవేళకు కాలు ఉన్నట్టుండి బిగుసుకుంటుంది, ఆ కుదుపుకు కోత నొప్పెడుతుంది, నొప్పి బిగువును ఇంకా పెంచుతుంది. నొప్పి మందు ఒక్కటే చాలక, కండరాల బిగువు తగ్గించే డయాజెపామ్ వంటి మందు కూడా డాక్టర్లు ఇస్తుంటారు. మాటలు రాని బిడ్డ బాధను కొలవడానికి ‘ఫ్లాక్’ పద్ధతి ఉంది: ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడింపుకు లొంగడం, ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. అయితే నొప్పి పుడితే నవ్వే పిల్లలున్నారు, ఉలుకూ పలుకూ లేకుండా అయిపోయేవారూ ఉన్నారు. ఆ గుర్తులు తల్లికే తెలుస్తాయి. సవరించిన ఫ్లాక్‌లో వాటిని చేర్చే చోటుంది. ఆపరేషన్‌కు ముందే రాయించడం అవసరం.

పిండికట్టు ఉన్నన్నాళ్లూ మడమ పరుపును ఒత్తకుండా పిక్క కింద దిండు ఉంచాలి. కాలివేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, బాగా ఉబ్బినా తెల్లారేదాకా ఆగకూడదు. బిడ్డ ఫిట్స్ మందు వాడుతుంటే అది ఒక్క పూటైనా తప్పకూడదు. మలబద్ధకం చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, దానివల్లా బిగువు పెరుగుతుంది.

కట్టు విప్పాక చాలా ఇళ్లలో దిగులు కమ్ముకుంటుంది. వాకర్‌తో నడిచిన బిడ్డ నిలబడలేకపోతే ఆపరేషన్ చెడిందనుకుంటారు. నిజానికి పొడవు చేసిన కండరం కొన్నాళ్లు బలహీనంగానే ఉంటుంది. పాత శక్తి రావడానికి నెలలు, పూర్తి ఫలితం తేలడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఈ దశలో తొందరే ప్రమాదం. వాడకం లేక ఎముక పలచబడి ఉంటుంది కాబట్టి మోకాలిని బలవంతంగా వంచితే తొడ ఎముక కిందిభాగం విరగవచ్చు. గట్టి మర్దనలు వద్దు. ఫిజియోథెరపిస్టు చెప్పినంత బరువే మోపించాలి, రాత్రి స్ప్లింట్లు మానకూడదు.

ఖర్చుకు కొంత ఆసరా ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, అందులో థెరపీ కూడా చేరుతుంది. ఇక బడి విషయంలో, నడిచేదాకా ఆగనక్కర్లేదు. గాయం మాని డాక్టరు సరేనన్నాక చక్రాల కుర్చీలోనైనా పంపవచ్చు. రోజంతా మంచంమీద గోడను చూస్తూ గడిపే బిడ్డకన్నా, తోటిపిల్లల మధ్య ఉన్న బిడ్డే వ్యాయామానికి ఇష్టంగా కదులుతుంది.